పునరావృత నమూనా ఏ సౌష్ఠవ రకమో తేల్చడం, అవి పదిహేడే ఎందుకో చూడడం

అడిగినవి మూడు. రెండు దిక్కుల్లో అంతులేకుండా పునరావృతమయ్యే నమూనాలకు సౌష్ఠవ రకాలు సరిగ్గా 17 మాత్రమే ఎందుకున్నాయి? చేతిలో ఉన్న నమూనా ఏ రకానిదో ఫ్లోచార్టు బట్టీ పట్టకుండా ఎలా తేల్చాలి? ప్రోగ్రాముతో గీస్తే పి3ఎమ్1 రావాల్సిన చోట పి31ఎమ్ (ఈ 17లో రెండు రకాలకు పాఠ్యపుస్తకాల పేర్లు) రావడం, అతుకులు కనబడడం ఎందుకు జరుగుతుంది? మొదటి రెండింటికీ ఒకే లెక్క సరిపోతుంది కాబట్టి అక్కడ మొదలుపెడతాను. మూడోది పూర్తిగా చేతిపని, చివర్లో చెప్తాను.

ఫ్లోచార్టుతో ఇబ్బంది ఏమిటంటే, మధ్యలో ఒక ప్రశ్నకు తప్పు జవాబిచ్చినా చివరికి ఏదో ఒక పేరు చేతిలో పెడుతుంది. తప్పు జరిగిందన్న సూచనే ఉండదు. దానికి బదులు, గణితజ్ఞుడు జాన్ కాన్వే ప్రచారంలోకి తెచ్చిన సంకేత పద్ధతిలో నమూనాలో కనిపించిన విశేషాలను వరసగా రాస్తాం, ఒక్కోదానికి ఒక ధర ఉంటుంది, ధరలన్నీ కూడితే 2 రావాలి. 2 కంటే తక్కువ వస్తే ఏదో కంట పడలేదు. ఎక్కువ వస్తే ఒకేదాన్ని రెండుసార్లు రాశారు.

నమూనాను కదిపినా తన మీద తానే సరిగ్గా కలిస్తే ఆ కదలిక దాని సౌష్ఠవం. సమతలంలో దూరాలను చెడగొట్టని కదలికలు నాలుగు: స్థానాంతరణం (జరపడం), భ్రమణం (తిప్పడం), పరావర్తనం (అద్దంలోలా తిరగేయడం), జారుడు పరావర్తనం. చివరిది చాలామంది కళ్లు కప్పుతుంది. బొమ్మను అద్దపు గీతకు అవతలికి తిప్పి, అదే గీత వెంబడి కొంత ముందుకు జరపడం అన్నమాట, తడి ఇసుక మీద నడిచినవాడి కుడి ఎడమ అడుగుల్లాగా. ఆ గీత మామూలు అద్దం కానవసరం లేదు, జరపకుండా తిప్పితే బొమ్మ కలవకపోవచ్చు.

పెన్సిలు పట్టేముందు ఏది లెక్కలోకి వస్తుందో నిర్ణయించుకోవాలి. రంగులు చూస్తున్నారా, గీతలు మాత్రమేనా? చదరంగం పలకలో రంగులు వదిలేస్తే చతురస్రాల గడి, రకం పి4ఎమ్. నలుపు నలుపు మీదికి, తెలుపు తెలుపు మీదికే రావాలంటే? అప్పుడూ పి4ఎమ్ అనే వస్తుంది, కాకపోతే పునరావృత గడి 45 డిగ్రీలు తిరిగి, వైశాల్యం రెండింతలవుతుంది. ఇక్కడ పేరు మారలేదు గానీ చాలా నమూనాల్లో మారుతుంది. పట్టీలు ఒకదాని కిందనుంచి ఒకటి దూరే అల్లిక బొమ్మల్లో మరో చిక్కు ఉంది. రెండు పట్టీలను ఒకదాంతో ఒకటి మార్చే అద్దం సరిగ్గా అవి దాటుకునే బిందువు గుండా పోతుంటే, పైనున్న పట్టీ కిందికి పోవాల్సి వస్తుంది కాబట్టి ఆ అద్దం చచ్చిపోతుంది. అదే బొమ్మను చదునైన గీతలుగా చూస్తే అద్దం బతికే ఉంటుంది. ఇద్దరు మనుషులు ఒకే బొమ్మకు రెండు పేర్లు చెప్పి వాదించుకుంటున్నారంటే, సాధారణంగా ఇద్దరి లెక్కా సరైనదే, ఒప్పందమే వేరు.

తర్వాత పునరావృత గడి. కొట్టొచ్చినట్టు కనబడే ఒక బిందువును ఎంచుకోండి, ఒక రేకు కొన అనుకుందాం. దానికి అన్నివిధాలా సమానమైన, అదే వైపు తిరిగి ఉన్న బిందువులన్నిటికీ చుక్కలు పెట్టండి. ఆ చుక్కలే జాలకం. వాటిలో అతి చిన్న స్థానాంతరణం ఒకటి, దానికి సమాంతరం కాని వాటిలో అతి చిన్నది ఇంకొకటి తీసుకుంటే మూల గడి దొరుకుతుంది. ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు, అచ్చు వేసినవాళ్లు వాడిన దీర్ఘచతురస్రపు ముక్కనే మూల గడి అనుకోవడం. ఆ ముక్క నడుమ ఇంకో చుక్క ఉండొచ్చు. అప్పుడు జాలకం కేంద్రిత దీర్ఘచతురస్ర రకం, మూల గడి ఒక రాంబస్, వైశాల్యం సగమే. ప్రతి నిలువు వరసనూ పక్కదానికంటే సగం ఎత్తు దించి వేసే నమూనాలన్నీ ఈ జాలకం మీదే కూర్చుంటాయి. మోటిఫ్‌కు (పదేపదే వచ్చే బొమ్మకు) నిలువు అద్దం ఒక్కటే ఉంటే అలా వచ్చే రకం సిఎమ్, పిఎమ్ కాదు. వరసల మధ్య జారుడు గీతలు వాటంతటవే పుట్టుకొస్తాయి.

ఇప్పుడు అసలు పని. అద్దపు గీతలన్నీ గీసేయండి. అవి సమతలాన్ని గదులుగా కోస్తాయి. ఒక గదిలో నిలబడి గోడల వెంట చుట్టూ తిరగండి. గోడ ఉంటే * రాయండి. ప్రతి మూలలో ఎన్ని అద్దాలు ఒకదాన్నొకటి కోస్తున్నాయో ఆ అంకెను * తర్వాత రాయండి. ఎన్ అద్దాలు కోసుకునే మూలలో కోణం 180/ఎన్ డిగ్రీలు ఉంటుంది కాబట్టి కొలిచి కూడా సరిచూడొచ్చు. గది లోపల, ఏ అద్దం మీదా లేని భ్రమణ కేంద్రం ఉంటే దాని అంకెను * కంటే ముందు రాయండి. గదిలో భ్రమణం ఉందంటే కొన్ని మూలలు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. అలాంటివాటిని ఒక్కసారే రాయాలి. చివరగా, ఒకే గదిలో కుడిచేతి మోటిఫ్, దాని ఎడమచేతి ప్రతిబింబం రెండూ ఉంటే × రాయండి. అద్దం దాటకుండా ఒకదాని నుంచి రెండోదానికి నడిచి వెళ్లగలిగారంటే అక్కడ జారుడు పరావర్తనం దాగి ఉన్నట్టే. అద్దాలే లేకపోతే సమతలమంతా ఒకే గది. ఆ గదిలో భ్రమణాలూ లేవు, రెండు చేతుల మోటిఫ్‌లూ లేవు అంటే మిగిలేది ఒట్టి స్థానాంతరణాలు, దానికి గుర్తు ○.

ధరలు ఇవి. * కంటే ముందున్న అంకె ఎన్ ధర (ఎన్−1)/ఎన్: అంటే 2కు 1/2, 3కు 2/3, 4కు 3/4, 6కు 5/6. * తర్వాత వచ్చే అంకె ధర అందులో సగం: 2కు 1/4, 3కు 1/3, 4కు 3/8, 6కు 5/12. ఒక్కో * ధర 1, ఒక్కో × ధర 1, ○ ధర 2.

ఒకటి చేసి చూద్దాం. రెండేసి ఇటుకలు పక్కపక్కన చేరి చతురస్రమై, ఒక చతురస్రంలో అడ్డంగా, పక్కదాంట్లో నిలువుగా ఉండే నేల పేర్పు తీసుకోండి. ప్రతి ఇటుక చతురస్రం కేంద్రం గుండా అడ్డంగానూ నిలువుగానూ అద్దాలున్నాయి. గది ఒక చతురస్రం, దాని నాలుగు మూలల్లో రెండేసి అద్దాలు. గది మధ్యలో నాలుగు ఇటుక చతురస్రాలు కలిసే బిందువుంది, అక్కడ 90 డిగ్రీలు తిప్పితే బొమ్మ కలుస్తుంది. ఆ భ్రమణం వల్ల నాలుగు మూలలూ ఒకటే. రాసేది 4*2. ధర 3/4 + 1 + 1/4 = 2. అంటే పి4జి. ఇదే ఇటుకలను జిగ్‌జాగ్‌గా, ఒకదాని కొనకు ఇంకొకటి అడ్డుతగిలేలా పేర్చితే అద్దం ఒక్కటీ మిగలదు. 180 డిగ్రీల కేంద్రాలు రెండు రకాలు, పైగా జారుడు: 22×, ధర 1/2 + 1/2 + 1. అది పిజిజి. గోడ కట్టులో ప్రతి వరసా సగం ఇటుక పక్కకు జరిగే మామూలు పేర్పు 2*22, అంటే సిఎమ్ఎమ్. ఒకే ఇటుక, మూడు రకాలు.

ధరల మొత్తం 2 ఎందుకవ్వాలి? నమూనా మీద దాని సౌష్ఠవాన్ని పాటించే ఒక పటం గీశారనుకోండి: శీర్షాలు, అంచులు, ముఖాలు. చాలా పెద్ద ముక్క కత్తిరిస్తే అందులో శీర్షాలు − అంచులు + ముఖాలు = 1. ఆ ముక్కలో మోటిఫ్ నకళ్లు లక్ష ఉంటే, ఒక్కో నకలు వాటాకు లక్షలో ఒక వంతు వస్తుంది. ముక్క చుట్టుకొలత దగ్గర వచ్చే తేడా కూడా వైశాల్యంతో పోలిస్తే చిన్నదే. ముక్కను పెంచుకుంటూ పోతే ఒక్కో నకలు వాటా సున్నాకు చేరుతుంది. ఇప్పుడు సమానమైన బిందువులన్నీ ఒకటయ్యేలా నమూనాను మడిచేయండి. మడిస్తే ఏదో ఒక చిన్న ఉపరితలం వస్తుంది. అది మామూలు గోళమైతే ఆ లెక్క 2. ఎన్ అంకె ఉన్న భ్రమణ కేంద్రం వద్ద శీర్షం ఒక్కో నకలుకు 1/ఎన్ వంతే దక్కుతుంది కాబట్టి (ఎన్−1)/ఎన్ పోతుంది. అద్దం ఉపరితలంలో ఒక రంధ్రం చేస్తుంది, ఒక ముఖం పోతుంది, అదే 1. అద్దం మీద శీర్షాలకూ అంచులకూ సగం విలువే గానీ, అంచు చుట్టూ అవి సమాన సంఖ్యలో ఉంటాయి కాబట్టి రద్దవుతాయి. మూలలో 1/2 బదులు 1/(2ఎన్) మాత్రమే మిగులుతుంది, ఆ తేడాయే సగం ధర. మొత్తానికి 2 − ధరలు = 0. మొత్తం 2 కంటే తక్కువైతే ఆ సంకేతం గోళం మీది నమూనాది, ఎక్కువైతే హైపర్బోలిక్ తలానిది (అంతటా జీనులా వంగి ఉండే తలం). మడిచిన ఉపరితలాన్ని ఇలా చూడడం గణితజ్ఞుడు విలియం థర్స్టన్ ఆలోచన.

ఇక 17 లెక్క ఒక పేజీ అంకగణితం. * గానీ × గానీ లేకుండా అంకెలే ఉంటే ఒక్కోదాని ధర కనీసం 1/2, 1 కంటే తక్కువ. కాబట్టి మూడో నాలుగో అంకెలు ఉండాలి. నాలుగైతే 2222 ఒక్కటే. మూడైతే వాటి విలోమాల మొత్తం 1 కావాలి: 333, 442, 632. ఇవి నాలుగు. అన్నీ * వెనక పెడితే ధరలు సగమై * తాలూకు 1 కలిసి మళ్లీ 2 వస్తుంది: *2222, *333, *442, *632. ఇవి మరో నాలుగు. * వెనక ఒకే అంకె రెండుసార్లు ఉంటే, ఆ రెంటినీ తీసేసి ముందు ఒకసారి పెట్టొచ్చు, ధర మారదు: *333 నుంచి 3*3, *442 నుంచి 4*2, *2222 నుంచి 2*22, దాన్నుంచి 22*. వెనక అంకెలేవీ లేని * బదులు × పెట్టొచ్చు: 22×. అంకెలే లేనివి **, *×, ××, ○. కూడండి: 4 + 4 + 4 + 1 + 4. ఇంకేదైనా మిగిలిందేమో చూడాలంటే ముందు 6 పెట్టి * రాయండి. 1/6 మిగులుతుంది, * వెనక అతి చవకైన అంకె ధర 1/4, కుదరదు. 5 పెట్టినా 1/5 మిగిలి అదే గతి. (గుర్తుల జాబితా ఇదే అని ఒప్పుకోవడానికి ఉపరితలాల వర్గీకరణ సిద్ధాంతం కావాలి. అది ఇక్కడ అరువు తెచ్చుకున్నాను.)

ఈ ఫలితాన్ని మొదట నిరూపించింది రష్యన్ స్ఫటిక శాస్త్రవేత్త యెవ్‌గ్రాఫ్ ఫెడొరొవ్, 1891లో. 1924లో గణితజ్ఞుడు జార్జ్ పోల్యా విడిగా మళ్లీ కనుగొన్నాడు. త్రిమితీయ స్ఫటికాలకు ఇదే ప్రశ్న వేస్తే 230 వస్తాయి, అక్కడ ఇంత ముచ్చటైన కూడిక లేదు. ఒకే దిక్కున సాగే అంచు పట్టీలకు మాత్రం పై లెక్కే పనిచేస్తుంది: ∞ను కూడా అంకెగా ఒప్పుకుని, ముందు ధర 1, * వెనక 1/2 అనుకుంటే ∞∞, *∞∞, ∞*, ∞×, 22∞, *22∞, 2*∞ అని ఏడు వస్తాయి. పట్టీల రకాలు నిజంగానే ఏడు.

5, అంటే 72 డిగ్రీల భ్రమణం, ఎందుకు రాదన్నది విడిగా అడుగుతుంటారు. పై అంకగణితంలో అది ఎక్కడా ఇమడలేదు, అదొక జవాబు. జాలకం వైపునుంచి ఇంకా పొట్టిగా చెప్పొచ్చు. భ్రమణం జాలక బిందువులను జాలక బిందువుల మీదికే పంపాలి, కాబట్టి జాలక సదిశల్లో రాస్తే దాని మాత్రికలో అన్నీ పూర్ణాంకాలే, జాడ (మాత్రిక ప్రధాన కర్ణం మీది సంఖ్యల మొత్తం) కూడా పూర్ణాంకమే. మామూలు అక్షాల్లో అదే జాడ 2 కొసైన్ కోణం. అది −2, −1, 0, 1, 2 మాత్రమే కాగలదు: 180, 120, 90, 60, 360 డిగ్రీలు. 72 డిగ్రీలకు 0.618 వస్తుంది. పెన్‌రోజ్ పలకల్లోనూ (పునరావృతం కాకుండానే సమతలాన్ని నింపేవి), 1982లో డాన్ షెక్ట్‌మన్ చూసిన మిశ్రలోహంలోనూ అయిదు మడతల క్రమం ఉందంటే, వాటిలో స్థానాంతరణ పునరావృతం లేదు కాబట్టే. సిద్ధాంతాన్ని అవి ఉల్లంఘించలేదు, దాని పరిధిలోకే రావు.

పాఠ్యపుస్తకాల పేర్లు కావాలంటే ఇవిగో జతలు. అద్దాలు లేనివి: ○ పి1, 2222 పి2, 333 పి3, 442 పి4, 632 పి6, ×× పిజి, 22× పిజిజి. గది పొడవైన పట్టీ అయితే: **  పిఎమ్, *× సిఎమ్, 22* పిఎమ్‌జి. గది దీర్ఘచతురస్రమైతే: *2222 పిఎమ్ఎమ్, 2*22 సిఎమ్ఎమ్, లోపల 90 డిగ్రీల కేంద్రం ఉంటే 4*2 పి4జి. గది త్రిభుజమైతే: *442 పి4ఎమ్, *632 పి6ఎమ్, సమబాహువైతే *333 పి3ఎమ్1, దాని మధ్యలో 120 డిగ్రీల కేంద్రం ఉంటే 3*3 పి31ఎమ్. ఫ్లోచార్టు కంటే ఇలా గది ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకోవడమే తేలిక అని నా అభిప్రాయం.

అయితే కూడిక మీద మరీ భరోసా వద్దు. అది సగం సగం చూసిన తప్పును పట్టుకుంటుంది. ఒక జాతి సౌష్ఠవాన్ని మొత్తంగా, పద్ధతిగా వదిలేస్తే పట్టుకోదు. పిజిజి నమూనాలో జారుడు గీతలు అసలు చూడలేదనుకోండి. 180 డిగ్రీల కేంద్రాలు మూల గడిలో నాలుగు చోట్ల ఉంటాయి. జారుడు తెలిస్తే అవి రెండేసి కలిసిపోయి రెండు రకాలని అర్థమవుతుంది. తెలియకపోతే నాలుగు రకాలని రాసి 2222 అంటారు, మొత్తం ఠంచనుగా 2 వస్తుంది. మీరు తేల్చింది తప్పుడు సంకేతం కాదు, అసలు సమూహంలోని (నమూనా సౌష్ఠవ కదలికలన్నిటిలోని) ఉపసమూహం, అంటే ఒక భాగం. కాబట్టి × పరీక్షను విడిగా ఎప్పుడూ చేయాలి: నమూనా నకలును పారదర్శక పొరగా తీసి, బోర్లించి, కలిసేదాకా జరపండి. నమూనాలో భ్రమణాలుంటే బోర్లించాక ఒకే దిక్కులో కాకుండా 30, 45, 60, 90 డిగ్రీలు తిప్పి కూడా చూడాలి. ఎక్కడా కలవకపోతే సంకేతంలో * గానీ × గానీ లేవని గట్టిగా చెప్పొచ్చు. ఫోటో మీద చేస్తుంటే ముందు వాలును సరిచేయండి. ఒక గడి మూలలు కాకుండా ఎంత దూరంగా వీలైతే అంత దూరపు నాలుగు జాలక బిందువులు తీసుకుంటే లోపం తక్కువ.

ఇంకో తరచు పొరపాటు గడి ఆకారాన్ని చూసి సౌష్ఠవాన్ని ఊహించడం. గడి చతురస్రమైనంత మాత్రాన 90 డిగ్రీల భ్రమణం ఉండదు. అందులోని బొమ్మ ఒప్పుకోవాలి. చతురస్ర గడిలో పి1 ఉండొచ్చు. తిరగేసి మాత్రం నిజం: 4 ఉంటే గడి చతురస్రం కాక తప్పదు.

పి3ఎమ్1, పి31ఎమ్ తికమకకు రెండు పరీక్షలు. ఒకటి, 120 డిగ్రీల కేంద్రాలన్నీ అద్దాల మీదే ఉంటే *333, పి3ఎమ్1. ఒక్క రకమైనా అద్దాలకు దూరంగా ఉంటే 3*3, పి31ఎమ్. రెండు, అతి చిన్న స్థానాంతరణం దిక్కు చూడండి. దాని వెంబడి అద్దం నడుస్తుంటే పి31ఎమ్. అద్దాలన్నీ 60 డిగ్రీల రాంబస్ గడి పొడవైన కర్ణం దిక్కుల్లో, అంటే అతి చిన్న స్థానాంతరణాల్లో ఏదో ఒకదానికి లంబంగా ఉంటే పి3ఎమ్1.

ఇక గీయడం. మూల గడిలో మీరు స్వేచ్ఛగా బొమ్మ వేయగలిగే భాగం (దీన్ని మూల భాగం అందాం) ఎంతో ముందు తెలియాలి: పి6ఎమ్‌లో గడిలో 1/12, పి4ఎమ్, పి4జిలలో 1/8, పి6, పి3ఎమ్1, పి31ఎమ్‌లలో 1/6, పి4, పిఎమ్ఎమ్, పిఎమ్‌జి, పిజిజి, సిఎమ్ఎమ్‌లలో 1/4, పి3లో 1/3, పి2, పిఎమ్, పిజి, సిఎమ్‌లలో సగం, పి1లో మొత్తం. అద్దాలున్న వైపు ఆ భాగం అంచు కదలదు, నిటారు గీతే. ఉదాహరణకు *632లో 30-60-90 త్రిభుజం తప్ప మరో దారి లేదు. పక్షి పక్షిలో ఇమిడిపోయేలాంటి వంకర పలకలు కావాలంటే అద్దాలు లేని రకాలకే వెళ్లాలి. అన్నిటికంటే సులువైనది పి2: ఏ చతుర్భుజమైనా, దాని ఒక్కో భుజం మధ్యబిందువు చుట్టూ 180 డిగ్రీలు తిప్పుకుంటూ పోతే సమతలం నిండుతుంది. ప్రతి భుజాన్నీ ఆ మధ్యబిందువు చుట్టూ సౌష్ఠవంగా ఉండే వంపుగా మార్చినా, వంపులు ఒకదాన్నొకటి కోసుకోనంతవరకు, నిండుతూనే ఉంటుంది. అద్దాలు ఉంచుకుంటే మాత్రం ఒక జాగ్రత్త: అద్దాన్ని తాకే ప్రతి గీతా 90 డిగ్రీలతో తాకాలి, లేకపోతే అక్కడ వంపు విరిగి కొన తేలుతుంది.

నిరూపకాల్లో రాస్తే పిజిజి నకళ్లు నాలుగు, గడి భుజాలు 1 అనుకుని:

(ఎక్స్, వై), (−ఎక్స్, −వై), (½−ఎక్స్, ½+వై), (½+ఎక్స్, ½−వై)

ఇందులో మూడోదానిలో వై పక్కనున్న ½, నాలుగోదానిలో వై పక్కనున్న ½ మర్చిపోతే జారుడు ఒకటి నిజమైన అద్దంగా మారి పిఎమ్‌జి వస్తుంది. అన్ని ½లూ పోతే పిఎమ్ఎమ్. తెర మీద బొమ్మ అందంగానే కనబడుతుంది కాబట్టి ఈ తప్పు నెలల తరబడి కోడ్‌లో దాక్కోగలదు.

షట్కోణ జాలకంలో ప్రామాణిక పట్టికలు అక్షాల మధ్య 120 డిగ్రీలు అనుకుని రాసినవి. భ్రమణం (−వై, ఎక్స్−వై), (వై−ఎక్స్, −ఎక్స్). దానికి (వై, ఎక్స్) చేర్చితే పి31ఎమ్, (−వై, −ఎక్స్) చేర్చితే పి3ఎమ్1. మీ ప్రోగ్రాములో అక్షాలు 60 డిగ్రీల్లో ఉంటే భ్రమణ సూత్రం (−ఎక్స్−వై, ఎక్స్) అవుతుంది. పాతది వాడితే బొమ్మ ఏటవాలుగా సాగిపోతుంది కాబట్టి దాన్ని వెంటనే గమనించి సరిచేస్తారు. (వై, ఎక్స్) మాత్రం ఏ అక్షాల్లోనైనా చక్కని అద్దమే కాబట్టి ఎవరూ ముట్టుకోరు. కానీ 60 డిగ్రీల అక్షాల్లో అది పొడవైన కర్ణం వెంబడి అద్దం, అంటే పి3ఎమ్1. రెండు పేర్లూ తారుమారు కావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. 60 డిగ్రీల అక్షాల్లో పనిచేస్తే రెండు అద్దాల సూత్రాలనూ ఒకదానికొకటి మార్చుకోండి.

అతుకులకు కారణాలు మూడు నాలుగే. పిక్సెల్ వరసలో ఐ స్థానాన్ని ఎన్−1−ఐతో కలిపితే అద్దం పిక్సెళ్ల మధ్య సందులో ఉంటుంది. −ఐతో కలిపితే పిక్సెల్ నడుమ ఉంటుంది. ఏదైనా సరే, ఒకటే పాటించాలి. అద్దానికి ఒకటి, భ్రమణానికి ఇంకొకటి వాడితే అర పిక్సెల్ తేడా వచ్చి సన్నని గీత తేలుతుంది. జారుడున్న రకాల్లో గడి వెడల్పు పిక్సెళ్లలో సరి సంఖ్య కాకపోతే సగం జరపడం కుదరదు. షట్కోణ నమూనాను దీర్ఘచతురస్రపు ముక్కగా ఎగుమతి చేయాలంటే భుజాల నిష్పత్తి 1 : √3 ఉండాలి, అందులో రెండు మూల గడులు పడతాయి. √3 కరణీయ సంఖ్య (పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది) కాబట్టి ఏ పూర్ణాంకాల జతా సరిగ్గా కుదరదు, దగ్గరివి ఎంచుకోవాలి: 15 : 26, 41 : 71, 56 : 97. 560 × 970 తీసుకుంటే అసలు ఎత్తు 969.948 ఉండాలి, తేడా పిక్సెల్‌లో ఇరవయ్యో వంతు. 500 × 866 కూడా నడుస్తుంది. 500 × 870 లాంటి గుండ్రని సంఖ్యలు పెడితే వృత్తాలు అండాకారమై, 120 డిగ్రీల భ్రమణం నిజానికి మిగలదు.

నాలుగోది, ముక్కను తిప్పి తిప్పి అతికించే పద్ధతే. 60 డిగ్రీలు తిప్పిన ప్రతిసారీ పిక్సెళ్లు మళ్లీ లెక్కకట్టాల్సి వస్తుంది, అంచుల్లో చిల్లులు, మసక వస్తాయి. దానికి బదులు ఎదురునుంచి రండి: ఫలితంలోని ప్రతి పిక్సెల్‌కూ నిరూపకాలు తీసి, సౌష్ఠవ కదలికలతో మూల భాగంలోకి మడిచి, అక్కడ రంగు చదవండి. ఒక పిక్సెల్‌లో 4 × 4 నమూనా బిందువుల సగటు తీస్తే మెట్లమెట్లుగా కనబడడం తగ్గుతుంది.

కోడ్ సరిగ్గా ఉందో లేదో చూడడానికి పూలు, నక్షత్రాలు వాడకండి. వాటికి సొంత సౌష్ఠవం ఉంటుంది, తప్పును కప్పేస్తాయి. ఏ అద్దమూ ఏ భ్రమణమూ లేని ఆకారం కావాలి. ‘క’ అక్షరం చాలు. దాన్ని మూల భాగంలో, ఏ అద్దానికీ ఏ కేంద్రానికీ తగలకుండా ఒక మూలగా పెట్టి నడపండి. ఒక మూల గడిలో ఎన్ని ‘క’లు వచ్చాయో లెక్కపెట్టండి: పి4జి అయితే ఎనిమిది, అందులో నాలుగు తిన్ననివి, నాలుగు తిరగబడ్డవి. ఎనిమిదికి బదులు పదహారు కనిపిస్తే మీరు గడి అనుకున్నది మూల గడి కాదు. నాలుగే కనిపిస్తే, అన్నీ తిన్నగా ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే పరావర్తనాల సగం మొత్తం నడవలేదు, గీసింది పి4.